మా నాన్నగారి ఇడ్లీ రేటు ఏ ద్రవ్యోల్బణం మోడల్‌కి లొంగుతుంది? పోలిక ఎలా చెయ్యాలో చెప్పండి

కాలవగట్టు_పంతులమ్మ అడిగారు:

నమస్కారం అండీ. పొడుగు పోస్టు, టీ పెట్టుకుని కూర్చోండి.

నేను కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. పక్కన పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ, ఇది ఆరో ఏడు. ద్రవ్యోల్బణం ఎలా కదులుతుందో చెప్పే మోడళ్ళని మన దేశపు లెక్కల మీద పెట్టి పోల్చడం నా టాపిక్. మొన్న మా గైడు గారు ఒక్కటే ప్రశ్న అడిగారు: "ఇంతకీ ఏది నెగ్గిందమ్మా?" నా దగ్గర మూడు జవాబులున్నాయి. మూడూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి.

ఏం చేశానో చెబుతాను. నాలుగు మోడళ్ళు తీసుకున్నాను. మొదటిది పాత ఫిలిప్స్ కర్వ్. నిన్నటి ద్రవ్యోల్బణం, దానికి తోడు ఆర్థిక వ్యవస్థ వేడి మీద ఉందా చల్లారిందా అనే కొలత, అంతే. వెనక్కి చూస్తూ నడిచే మనిషి అన్నమాట. రెండోది న్యూ కీన్సియన్. 1983లో కాల్వో పెట్టిన ఊహ దీనికి పునాది: దుకాణదారుకి రేటు మార్చే అవకాశం ఎప్పుడో గానీ రాదు, అందుకని వచ్చినప్పుడు రాబోయే రోజులన్నీ లెక్కేసుకుని మారుస్తాడు. మూడోది 1999లో జోర్డి గాలి, మార్క్ గెర్ట్‌లర్ ఇద్దరూ రాసిన హైబ్రిడ్, కొందరు ముందుకి చూస్తారు, కొందరు వెనక్కి. నాలుగోది మాన్‌క్యూ, రైస్‌లది, 2002 నాటిది. అందులో రేటు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కానీ కబురే అందరికీ ఒకేసారి చేరదు. పాత కబురు పట్టుకుని రేటు పెట్టేవాళ్ళు ఎప్పుడూ కొంతమంది ఉంటారు.

ఈ నాలుగింటి పక్కన ఒక దిష్టిబొమ్మని కూడా నిలబెట్టాను. గడిచిన నాలుగు త్రైమాసికాల్లో ద్రవ్యోల్బణం ఎంతుందో వచ్చే నాలుగింటిలోనూ అంతే ఉంటుంది అనుకోవడం. మోడలూ లేదు, గీడలూ లేదు. 2001లో అట్కెసన్, ఒహానియన్ అమెరికా లెక్కల మీద ఈ దిష్టిబొమ్మనే పెట్టి, అంతకు ముందు పదిహేనేళ్ళలో ఫిలిప్స్ కర్వ్ దీన్ని దాటలేదని చూపించారు.

డేటా అంటే గ్రామాలు, పట్టణాలు కలిపిన సీపీఐ, అదే వినియోగదారుల ధరల సూచీ. అది 2011 జనవరి నుంచే ఉంది. 2024 చివరి దాకా తీసుకుంటే 56 త్రైమాసికాలు. నిరుద్యోగం లెక్క వాడదామంటే మనకి త్రైమాసికం వారీ సర్వే 2017లో మొదలైంది, అదీ పట్టణాలకే. అందుకని జీడీపీ మీద హెచ్‌పీ ఫిల్టర్ (దీర్ఘకాలపు ధోరణిని విడదీసే లెక్క) వేసి గ్యాప్ తీశాను, అంటే ఆ ధోరణికి జీడీపీ ఎంత పైన ఉందో ఎంత కింద ఉందో. (ఈ మాటకి ఇక్కడ కొందరు కొట్టడానికి వస్తారని తెలుసు. రండి.)

ఫలితం: మొత్తం సాంపుల్ తీసుకుంటే హైబ్రిడ్ ముందు. 2011 నుంచి 2014 దాకా వదిలేస్తే దిష్టిబొమ్మ ముందు. 2016లో రిజర్వ్ బ్యాంకుకి నాలుగు శాతం ద్రవ్యోల్బణం లక్ష్యం చట్టప్రకారం పెట్టాక ఉన్న భాగమే తీసుకుంటే కబురు ఆలస్యమయ్యే మోడల్ ముందు. భీమవరం పందెం బరిలో కూడా గంట గంటకీ ఇన్ని కోళ్ళు గెలవవు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా నాన్నగారికి రావులపాలెం వైపు కాలవ గట్టు మీద చిన్న టిఫిన్ హోటల్ ఉంది. ఆయనకి నోటుబుక్కుల పిచ్చి. పప్పు ఎంతకి కొన్నారు, గ్యాస్ బండ ఎంతయింది, కొబ్బరికాయలు ఎన్ని వాడారు, అన్నీ రాస్తారు. 2014 నుంచి పుస్తకాలు ఉన్నాయి. విసుగు పుట్టినప్పుడల్లా అవి తీసి చదువుతుంటాను.

మూడు ఇడ్లీల ప్లేటు 2014లో 15 రూపాయలు. 2015 జూలైలో పుష్కరాలకి జనం వస్తారని వారం ముందే 20 చేశారు. 2018లో 25. 2022లో 30. 2025లో 35. పదకొండేళ్ళలో నాలుగే మార్పులు, ప్రతిసారీ ఐదు రూపాయలే. అలాగని మధ్యలో ఏమీ మారలేదనుకోకండి. కొబ్బరి మండిపోయినప్పుడు పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది: "చట్నీలో కాయలు 6 నుంచి 4, పుట్నాలు పెంచడమైనది." రేటు బోర్డు మాత్రం చెక్కు చెదరదు.

ఆ బోర్డు కూడా ఒక కథే. రేకు మీద ఎనామిల్ పెయింటు. 20ని 25 చెయ్యాలంటే సున్నా మీద ఐదు వేస్తే చాలు, అది నాన్నగారే వేసేస్తారు. 25ని 30 చెయ్యాలంటే రెండు అంకెలూ మార్చాలి, దానికి బోర్డులు రాసే ఆర్ట్స్ అబ్బాయి రావాలి. వాడు పిలిచిన రోజున రాడు. మెనూ కాస్ట్ (రేటు మార్చడానికే అయ్యే ఖర్చు) గురించి క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు వాడే గుర్తొస్తాడు.

2022లో ఏమైందో చూడండి. ఏప్రిల్ 1న హోటళ్ళు వాడే 19 కిలోల బండ మీద ఒకేసారి 250 రూపాయలు పెరిగింది. మే 1న ఇంకో వంద పైచిలుకు. నాన్నగారు ఇడ్లీ రేటు పెంచింది జూన్ 13, సోమవారం. అంటే 73 రోజుల తర్వాత. ఈలోగా జూన్ 1న బండ 135 తగ్గింది కూడా! తగ్గడం మొదలయ్యాక పెంచారు.

ఎందుకని అడిగాను. "ఏప్రిల్‌లో బండ పెరిగింది కదమ్మలూ" అన్నారు. సరే, వెనక్కి చూసే మోడల్ అనుకున్నాను. మరి జూన్‌లో తగ్గింది కదా అన్నాను. "తగ్గితే? మళ్ళీ పెరగదని ఎవడన్నా రాసిచ్చాడా? ఒకసారి బోర్డు మారిస్తే మళ్ళీ రెండు మూడేళ్ళు ముట్టుకోను. అవన్నీ ఇప్పుడే చూసుకోవాలి" అన్నారు. ఇది అక్షరాలా కాల్వో. ఆయన ఆ పేపర్ చదవలేదు. ఇంతలో వంటింట్లోంచి మా అమ్మ అందుకుంది: "అదేం కాదు. బస్టాండు దగ్గరాయన నెల కిందటే ముప్ఫై చేశాడని ఈయనకి తెలిసిందే ముందు రోజు ఆదివారం." అది మాన్‌క్యూ, రైస్.

ఒక హోటలు, ఒక ప్లేటు, ఒక మార్పు. మూడు మోడళ్ళూ నాదంటే నాదన్నాయి. పెంచిన మనిషినే ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగినా తేలనిది, 56 అంకెల మీద రిగ్రెషన్ వేసి నేనెలా తేల్చేది? పోలిక అనేది అసలు ఎలా చేస్తే న్యాయంగా ఉంటుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాలకొల్లు_కుర్రాడు రాశారు:

మేడమ్ గారూ, అమ్మగారి మాట థీసిస్‌లో పెట్టండి. నవ్వులాటకి అనడం లేదు.

నేను ముంబయిలో ద్రవ్యోల్బణం అంచనాలు వేసే ఉద్యోగమే చేస్తున్నాను, కాబట్టి మీరు పడుతున్న బాధ నాకు ప్రతి నెలా ఉంటుంది. ముందొక అనుమానం. మీరు వాడింది ఏడాది క్రితంతో పోల్చిన శాతమా? పోస్టులో రాయలేదు గానీ, అదే అయ్యుంటుందని నా పందెం. అదైతే మీ హైబ్రిడ్ సగం గెలుపు లెక్కలోనే పుట్టింది. పక్కపక్క త్రైమాసికాల వార్షిక రేట్లు తీసుకోండి. నాలుగింట మూడు పాళ్ళు రెండిట్లోనూ ఉన్నది అదే సరుకు. నిన్నటి ద్రవ్యోల్బణం ఇవాళ్టిని బ్రహ్మాండంగా చెబుతోందంటే, నిన్నటిది ఇవాళ్టిలో కలిసే ఉంది కాబట్టి. దుకాణదారు వెనక్కి చూస్తున్నాడని దాన్నిబట్టి ఎలా చెబుతాం? 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు ద్రవ్యోల్బణం 7.44 శాతం. సరిగ్గా ఏడాదికి, 2024 జూలైలో 3.6 దగ్గరికి పడిపోయింది. ఆ నెలలో ఎవరూ కొత్తగా వెనక్కీ ముందుకీ చూడలేదు, పాత టమాటా లెక్కలోంచి జారిపోయింది, అంతే. సీజన్ ప్రభావం తీసేసి, ముందు త్రైమాసికం మీద ఎంత మారిందో దాంతో మళ్ళీ వెయ్యండి. వెనకటి విలువ మీద గుణకం, అంటే మోడల్ దానికిచ్చే బరువు, ఎంత చిక్కిపోతుందో చూడండి.

రెండోది ముందుకి చూసే గుణకం. దాన్ని మీరు జీఎమ్‌ఎమ్‌తో (ఒక అంచనా పద్ధతి) అంచనా వేసి ఉంటారు, ఇన్‌స్ట్రుమెంట్లుగా, అంటే ఇంకా తెలియని రేపటికి బదులు నిలబడే ఆధారాలుగా, పాత ద్రవ్యోల్బణం, పాత గ్యాప్ పెట్టి ఉంటారు. అందరం చేసేదే. కానీ రాబోయే త్రైమాసికాన్ని ఆ పాతవి సరిగ్గా చెప్పలేకపోతే ఇన్‌స్ట్రుమెంటు ఉన్నా లేనట్టే. మిల్లు దగ్గర తేమ మీటరు పాడైపోతే అదే ధాన్యానికి ఒకసారి 17 చూపిస్తుంది, ఇంకోసారి 22 చూపిస్తుంది, రైతుకీ మిల్లరుకీ గొడవ తప్ప ఏమీ తేలదు. 2014లో మావ్రోయిడిస్, ప్లాగ్‌బోర్గ్ మోలర్, స్టాక్ ముగ్గురూ అమెరికా డేటా మీద న్యూ కీన్సియన్ కర్వ్‌ని రకరకాలుగా వేసి చూశారు. చిన్న చిన్న ఎంపికలు మారిస్తే జవాబు ఎటైనా పోతోందని తేల్చారు. అమెరికాకి అర్ధ శతాబ్దం పైన త్రైమాసిక డేటా ఉండి అది పరిస్థితి. మనకి 56.

మూడోది, ఎర్రర్ల పోలిక. రెండు మోడళ్ళ అంచనా తప్పుల్లో తేడా నిజమైనదేనా అని చూసే డీబోల్డ్, మరియానో టెస్టు వేసుంటారు. మీ హైబ్రిడ్‌లో పాత ఫిలిప్స్ కర్వ్ పూర్తిగా ఇమిడిపోయి ఉంది కదా, అలా ఒకదానిలో ఒకటి ఉన్నప్పుడు ఆ టెస్టు నేరుగా పనికిరాదు, క్లార్క్, వెస్ట్‌లది చూడండి. సాంపుల్ ఎక్కడ కోస్తే అక్కడ కొత్త విజేత వస్తోందంటున్నారు కాబట్టి జియాకోమిని, రోసిల 2010 పేపర్ మీకోసమే. మొత్తం మీద ఎవరు గెలిచారని అడగదు, ఏ కాలంలో ఎవరు ఎంత ముందున్నారో గీత గీసి చూపిస్తుంది. ఆ గీత 2014, 2016 మధ్య తలకిందులైతే, అదే మీ ఫలితం. 1976లో లూకస్ హెచ్చరించింది దాని గురించే. సెంట్రల్ బ్యాంకు పద్ధతి మారితే వెనక్కి చూసే మోడల్ గుణకాలు పాతవి పాతవిగా ఉండవు.

హెచ్‌పీ ఫిల్టర్ మీద కొట్టను, కానీ ఒక్కటి అడుగుతాను. 2018లో గ్యాప్ ఎంతో లెక్క కట్టడానికి 2019, 2020 జీడీపీలు కూడా వాడారా? వాడితే 2018లో కూర్చున్నవాడికి తెలియని సంగతి మీ మోడల్‌కి ముందే చెప్పేశారు. దిష్టిబొమ్మకి మాత్రం చెప్పలేదు.

కాలవగట్టు_పంతులమ్మ రాశారు:

వార్షిక శాతమేనండీ. పందెం మీదే. గ్యాప్ కూడా మొత్తం సీరీస్ మీద ఒకేసారి వేసేశాను. ఆరేళ్ళుగా నన్ను ఈ మాట ఒక్కరూ అడగలేదు. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

కోడ్_కాకినాడ రాశారు:

ఈ పాతకాలం మోడళ్ళన్నీ ఎందుకండీ, న్యూరల్ నెట్‌వర్క్ ఒకటి ట్రైన్ చేసేస్తే పోలా? నేను చేసిపెడతాను, డేటా పంపండి.

కాలవగట్టు_పంతులమ్మ రాశారు:

తమ్ముడూ, 56 అంకెలు. ఫోన్‌లో మెసేజ్‌గా పంపేస్తాను, చాలా?

లెక్కలు_రిటైర్డ్ రాశారు:

అమ్మా, నేను మోడళ్ళు తెలిసిన మనిషిని కాను. మీరంతా పోట్లాడుకునే ఆ అంకెలున్నాయే, వాటికోసం సంచీ తగిలించుకుని బజార్ల చుట్టూ తిరిగినవాణ్ణి. చాలా ఏళ్ళు ధరలు రాసుకొచ్చాను. 2012ని ఆధార సంవత్సరంగా పెట్టుకున్న సీపీఐ సీరీస్‌కి దేశం మొత్తం మీద 1,181 గ్రామాలు, 310 పట్టణాల్లో 1,114 మార్కెట్లు. అందులో కొన్నిట్లో నేను కూడా ఓ చెయ్యి వేశాను ఆయ్.

రెండు మూడు సంగతులు చెబుతాను, పనికొస్తే వాడుకోండి.

ఆ సీరీస్‌లో ఇంటద్దె పట్టణాలకే తీసుకునేవాళ్ళం, గ్రామాలకి ఆ సూచీ లేదు. తీసుకునేది కూడా ఒక్కో ఇంటికి ఆరు నెలలకోసారి. అంటే ఓనరు ఈ నెలలో అద్దె పెంచినా మా కాగితం మీదకి ఐదు నెలల తర్వాత రావచ్చు. ఆ సీరీస్‌లో ఇళ్ళకి వెయిట్ (నూటికి వాటా) 10.07. మీరు ధరలు జిగురుగా ఉన్నాయంటున్నారే, అందులో కొంత జిగురు మేం పూసింది.

2020 ఏప్రిల్, మే నెలలు. బజార్లు మూత, మేం ఇళ్ళల్లో. చాలా సరుకులకి ధర తీసుకునే దారే లేదు. ఆ రెండు నెలల సూచీలు తర్వాత లెక్క కట్టి పూరించినవి. వాటిని పట్టుకుని ఏ మోడలన్నా బాగా సరిపోయిందంటే, అది మా పూరింపుకి సరిపోయినట్టు.

ఇంకోటి, మీ నాన్నగారి చట్నీ. మాకు ప్రతి సరుకుకీ ఒక వివరం రాసి ఉంటుంది, ఏ రకం, ఎంత పరిమాణం అని. అదే దుకాణం, అదే రకం, అదే తూకం. ప్లేటు ఇడ్లీ 25 అంటే 25 రాసుకుంటాం. ఇడ్లీ చిన్నదైందేమో ఒక్కోసారి కంటికి తెలుస్తుంది, చట్నీలో కొబ్బరి తగ్గిందని నాలిక్కి తెలుస్తుంది గానీ ఫారంలో దానికి గడి లేదమ్మా. ఒకసారి ఒక హోటలాయనతో "సాంబారు పలచబడిందేంటండీ" అన్నాను. "రేటు అదే కదా, రాసుకోండి" అన్నాడు. రాసుకున్నాను.

మండపేట_మిల్లు రాశారు:

బియ్యం సంగతి నేను చెబుతా. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పెట్టారు. తర్వాత మార్కెట్లోకి 26 కిలోల బస్తా వచ్చింది. పిల్లలు మా దగ్గరికొచ్చి ఇదేం లెక్క, పాతిక పోయి ఇరవయ్యారేంటి అని అడుగుతుంటారు. ఇంతే లెక్క. పన్ను వస్తే రేటు మారుతుందని మీ మోడళ్ళలో ఉంటుందేమో, ఇక్కడ బస్తా మారింది.

ముందుకి చూడడం అంటారా, మా వ్యాపారం నిండా అదే. 2023 జూలై 20న తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు. మర్నాడు పొద్దున నేను ఫోన్ చేస్తే కాకినాడ ఎగుమతి పార్టీలు ఎవరూ ఎత్తలేదు. బియ్యం అదే, గోడౌన్ అదే, రాత్రికి రాత్రి వచ్చిందల్లా ఒక్క వార్త. ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు, అప్పుడూ అంతే. మేం గంటల్లో మారతాం. మా దగ్గర కొనే కిరాణా ఆయన వారాల్లో మారతాడు. ఆయన దగ్గర కొనే హోటలాయన, అదే మీ నాన్నగారు, ఏళ్ళలో మారతారు. మా అందర్నీ కలిపి ఒక్క అంకె చేసి, ఇదిగో ఈ మనిషి ముందుకి చూస్తాడా వెనక్కి చూస్తాడా అంటే ఎవరని చెబుతారండీ?

పాలకొల్లు_కుర్రాడు రాశారు:

మిల్లు గారు ఒక్క పేరాలో చెప్పేశారు. మేడమ్ గారూ, సీపీఐని విడగొట్టండి. 2012 సీరీస్‌లో ఆహారం, పానీయాల వెయిటే 45.86. కూరగాయలు 6.04. అన్నట్టు వండి అమ్మే భోజనాలు, చిరుతిళ్ళు, స్వీట్లకి విడిగా ఒక ఉపవర్గం ఉంది, వెయిట్ 5.55. మీ నాన్నగారి ఇడ్లీకి సీపీఐలో సొంత గదే ఉంది!

కాలవగట్టు_పంతులమ్మ రాశారు:

మూడు వారాలైంది, మళ్ళీ వచ్చాను. దసరా సెలవులన్నీ దీనికే పోయాయి. ఇంట్లో అందరూ అంతర్వేది వెళ్తే నేను లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

ముందు త్రైమాసికం మీద మార్పుతో మొత్తం మళ్ళీ వేశాను. గ్యాప్ కూడా ఏ త్రైమాసికానికి ఆ త్రైమాసికం దాకా ఉన్న డేటాతోనే తీశాను. పాలకొల్లు గారు అన్నట్టే వెనకటి విలువ మీద గుణకం బాగా చిక్కిపోయింది. మొత్తం సూచీ మీద హైబ్రిడ్‌కీ దిష్టిబొమ్మకీ ఇప్పుడు తేడా చెప్పుకోదగ్గది కాదు. గెలుపోటముల గీత గీస్తే 2014 తర్వాత ఒక్కసారిగా దిష్టిబొమ్మ వైపు ఒరిగింది. ఆ ముందంతా ద్రవ్యోల్బణం పది శాతం చుట్టుపక్కల తిరిగింది, తర్వాత దిగివచ్చింది. ఆ దిగే దారి ఏ మోడలూ ముందుగా పట్టుకోలేదు. ఆలోచిస్తే దిష్టిబొమ్మ కూడా పట్టుకోలేదు. దిగాక మాత్రం తొందరగా సర్దుకుంది, ఎందుకంటే దానికి మర్చిపోవడం తేలిక, నాలుగు త్రైమాసికాలకి మించి జ్ఞాపకం లేదు. మిగతావి 2012 నాటి సంగతులు కూడా మొయ్యాలి.

తర్వాత విడగొట్టాను. కూరగాయల మీద నాలుగు మోడళ్ళూ, దిష్టిబొమ్మతో సహా, చేతులెత్తేశాయి. అక్కడ పనికొచ్చేది వాన, నెల, మదనపల్లె మార్కెట్టు. గ్యాప్ పెట్టినా పెట్టకపోయినా ఒకటే. ఇన్నాళ్ళూ నేను మోడళ్ళ మధ్య పోటీ అనుకుని చూసిందాంట్లో చాలా భాగం ఎవరి సాంపుల్లో ఎన్ని టమాటాలు పడ్డాయన్నదే.

వండిన ఆహారం దగ్గర మాత్రం ఆసక్తిగా ఉంది. సాంపుల్‌ని ఎక్కడ కోసినా వరస పెద్దగా మారలేదు. మోడళ్ళు ఒకదానితో ఒకటి విభేదించే చోటు వెతికాను. ఖర్చు పెరిగి మళ్ళీ తగ్గినప్పుడు ఏమవుతుంది? అచ్చంగా ముందుకి చూసేవాళ్ళే ఉంటే, తగ్గుతుందని తెలిసిన పెరుగుదలకి అసలు పెద్దగా కదలకూడదు. వెనక్కి చూసేవాళ్ళయితే ఎంత పెరిగిందో అంతా మోసుకొచ్చి, తగ్గినప్పుడు అంతా దింపెయ్యాలి. కబురు ఆలస్యమైతే మధ్యలో ఎక్కడో మూపురంలా లేచి మెల్లగా వాలాలి. 2022 బండ రేట్లు పెట్టి చూస్తే మూపురం కనబడింది, కానీ వాలడం కనబడలేదు. పెరిగింది అక్కడే ఉండిపోయింది. మా నాన్నగారి బోర్డు లాగే. రేటు దిగడానికి ఒప్పుకోని ఈ మొండితనం నా నాలుగు మోడళ్ళలో ఒక్కదానిలో కూడా లేదు. గైడు గారికి ఇదే రాసి ఇచ్చాను. "అయితే ఏదీ నెగ్గలేదంటావు" అన్నారు. ఇడ్లీకి ఒకటి, టమాటాకి ఏదీ లేదు, 2014కి ముందు ఒకలా, తర్వాత ఒకలా అన్నాను. కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "టైటిల్ మార్చాలి" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే అనుకుంటున్నా.

లెక్కలు గారూ, ఇంటద్దె సంగతి, 2020 రెండు నెలల సంగతి మీ పేరు లేకుండా అనుబంధంలో పెడుతున్నాను. ఆ రెండు నెలలూ తీసేస్తే కబురు మోడల్ గెలుపు కూడా సన్నగిల్లింది, అది చెప్పడం మర్చిపోయాను.

నాన్నగారి చేత కొత్త పుస్తకంలో ఇంకో వరస గీయించాను, రేటు మార్చినప్పుడు కారణం రాయమని. నిన్న చూస్తే పూరీ మీద ఐదు పెంచారు. కారణం దగ్గర "అమ్మాయి అడుగుతుందని ఆలోచించి పెంచితిని" అని ఉంది. ఇక ఆ డేటా కూడా పోయినట్టే.

మండపేట గారూ, ఒక్క సాయం. మా పుస్తకాలు 2014 నుంచే ఉన్నాయి. అంతకు ముందువి అటక మీద పెడితే చెదలు తినేశాయి. 2013లో ఉల్లిపాయలు మండిపోయిన ఏడాది నాకు చాలా కావాలి. మీ మిల్లులోగానీ, మీకు తెలిసిన కిరాణా వాళ్ళ దగ్గరగానీ ఆ ఏడాది ఆవర్జా పుస్తకం ఉంటే, అంకెలు మాత్రం ఫోటో తీసుకుని వెళ్ళిపోతాను. ఆదివారమైతే వచ్చేస్తాను.